మామిడిపల్లి ఎర్రపెట్ట, గుండ్రని గుడ్లు: ఒక ఆదివారపు విచారణ

ఈ ప్రయాణానికి కారణం ఒక కోడి. హైదరాబాద్ నుంచి శంషాబాద్ వైపు వెళ్లేవారిలో ఎక్కువమంది విమానం ఎక్కడానికో, ఎక్కేవారిని సాగనంపడానికో వెళతారు. నేను మాత్రం 2013 జూలైలో ఒక ఆదివారం నాడు, పొదుగుతున్న ఒక కోడి విషయమై తలెత్తిన వివాదాన్ని విచారించడానికి వెళ్లాను. ఇటువంటి పని మీద ఆ ప్రాంతానికి వెళ్లదలచినవారు ఎక్కువమంది ఉండకపోవచ్చు. అయినప్పటికీ, దారి తెలియనందువల్ల ఏ ఒక్కరూ ఇంట్లో ఆగిపోకూడదన్న ఉద్దేశంతో ఈ వివరాలు పొందుపరుస్తున్నాను.

నేను నగరంలోని ఒక డిగ్రీ కళాశాలలో జంతుశాస్త్రం బోధిస్తాను. మా ప్రయోగశాల అటెండరు అంజయ్యది విమానాశ్రయానికి అవతల ఉన్న మామిడిపల్లి. సీసాల్లోని కప్పలకు, బల్లులకు ఏటా ద్రవం మార్చేది ఆయనే. ఆ శుక్రవారం సాయంత్రం ఆయన స్టాఫ్‌రూమ్ గుమ్మంలో నిలబడి, సెలవు అడిగేటప్పుడు పెట్టే ముఖం పెట్టాడు.

“సార్, మా ఇంట్ల గుడ్ల పంచాది నడుస్తున్నది. జర మీరొచ్చి చూడాలె.”

“ఎవరి గుడ్లు?”

“గదే తెల్వక గద సార్ పంచాది.”

ఆయన వాంగ్మూలం సారాంశం ఇది. వాళ్ల ఎకరం పొలం రెండేళ్ల క్రితమే ప్లాట్లయింది. పొలం పక్కనున్న చిన్న కుంటకు కూడా ఈ వేసవిలో అదే గతి పట్టింది. జేసీబీ కుంట గట్టును సగానికి కోసిన రోజున, అటుగా గడ్డికి వెళ్లిన ఆయన భార్య యాదమ్మకు గట్టు లోపల ఒక బొరియలో గుండ్రని తెల్లని గుడ్లు కనిపించాయి. ఆమె వాటిని మట్టిపెళ్లతో సహా తట్టలో ఎత్తుకొచ్చి, అప్పుడే పొదుగుకు వచ్చిన ఎర్రపెట్ట కింద పెట్టింది. కోడిగుడ్డయితే మూడు వారాల్లో తేలిపోతుంది. ఇప్పటికి నెల దాటింది. పెట్ట గంప దిగదు, సరిగ్గా మేయదు. అంజయ్య తల్లి బాలమ్మ అవి పాము గుడ్లని ప్రకటించి, ఆదివారం పొద్దుగూకేలోగా తేలకపోతే రోకలితో పగలగొడతానని గడువు విధించింది. గుడ్డు పగిలితే తాను తల్లిగారింటికి పోతానని యాదమ్మ ఎదురు నోటీసు ఇచ్చింది.

“మరి నువ్వేమన్నావు?”

“సార్ ఏదంటే గదే అని చెప్పిన సార్. ఇద్దరికీ.”

ఆ విధంగా నా నియామకం జరిగింది.

ఆదివారం ఉదయం ఎనిమిది దాటాక అఫ్జల్‌గంజ్‌లో శంషాబాద్ బస్సు ఎక్కాను. టికెట్టు ఇరవై రూపాయలలోపే. ఆరాంఘర్ చౌరస్తా దాటే వరకు నిలబడవలసి వస్తుంది. బుద్వేల్ వైపు పోయేవారు అక్కడ దిగిపోవడంతో కిటికీ పక్క సీటు దొరుకుతుంది. గగన్‌పహాడ్ రాళ్లగుట్టలు దాటాక, రోడ్డుకు రెండు వైపులా భూములు అమ్మేవారి బోర్డులు మొదలవుతాయి. ప్రతి బోర్డు మీద ఒక విమానం, ఒక కుటుంబం, ఒక పచ్చిక మైదానం ఉంటాయి. ఆ కుటుంబంలో అందరూ ఎందుకో ఆకాశం వైపే చూస్తుంటారు. ముప్పావుగంట ప్రయాణం. వానకాలం కావడంతో గాలి చల్లగా ఉంది.

శంషాబాద్‌లో బస్సు దిగినచోటే ఒక బండి మీద మిర్చి బజ్జీలు వేస్తున్నారు. పొద్దున్నే నూనె వస్తువు తినకూడదని డాక్టరు నాకు రాతపూర్వకంగా చెప్పి ఉన్నారు. రెండు తిన్నాను. బండి నడిపే అక్క నా భుజానికి ఉన్న సంచిని, అందులోంచి తొంగి చూస్తున్న భూతద్దాన్ని పరిశీలించింది.

“ఏడికి సార్, ఎయిర్‌పోర్ట్‌కా?”

“మామిడిపల్లికి. ఒక కోడిని చూడాలి.”

“కొంటవా?”

“లేదమ్మా. పరీక్షించాలి.”

“పశువుల దవాఖాన డాక్టరా?”

“కాదు. పాఠాలు చెబుతాను.”

ఆమె నా కాగితంలో మరో మిర్చి వేసింది. “తిను సార్. జర పరేషాన్‌ల ఉన్నట్టున్నవ్.”

అక్కడి నుంచి మామిడిపల్లికి నేరుగా బస్సులు తక్కువ. జల్‌పల్లి, పహాడీషరీఫ్ వైపు నుంచి వచ్చేవారికి దగ్గర. శంషాబాద్ నుంచి అయితే విమానాశ్రయం గోడ చుట్టూ తిరిగి పోవాలి. ఆటో కిరాయి నూట యాభై అడిగి, నూట ఇరవైకి ఒప్పుకున్నారు. డ్రైవరు జహంగీర్ భాయ్ నెమ్మదస్తుడు. గోడ పక్కన పోతున్నంతసేపు నా పని ఏమిటో నా నోటితోనే చెప్పించి, చివరికి తన అభిప్రాయం నమోదు చేశాడు.

“గుండ్రగున్నయంటవ్, తెల్లగున్నయంటవ్. దినమంత నెత్తి మీదకెళ్లి పోతయ్ గద సాబ్. విమానం పెట్టిన గుడ్లు గావచ్చు.”

“విమానం గట్టులో బొరియ తవ్వదు కదా.”

“గంత పెద్ద రన్‌వే తవ్విండ్రు సాబ్, బొరియ ఎంత.”

మామిడిపల్లి సగం ఊరు, సగం ప్లాట్లు. అంజయ్య ఇల్లు ఊరు మిగిలిన సగంలో ఉంది: రెండు గదులు, ముందు రేకుల పందిరి, పందిరి కింద గోడకు ఆనించిన, ఎందుకో వట్టి కొయ్యలా ఉన్న ఒక నాగలి. గుమ్మంలో బాలమ్మ కూర్చుని ఉంది. రోకలి పక్కనే ఉంది. నన్ను చూసి లేవబోయి, రోకలి అక్కడ ఉండటం యాదృచ్ఛికమన్నట్టు దాన్ని కొంచెం దూరం జరిపింది.

“కూసో బిడ్డా. నువ్వన్న జెప్పు. పాము గుడ్లను పెట్ట పొదుగుడు ఏ కాలంలనన్న ఉన్నదా?”

లోపలి నుంచి యాదమ్మ నీళ్ల చెంబుతో వచ్చింది. నలభై దాటిన మనిషి, మాట మెత్తన. “పాముదో పిట్టదో సారు చెప్తడు గద అత్తా. జర నీళ్లన్న తాగనియ్.”

ఈ ఊరికి వెళ్లేవారు ఒక స్థానిక నియమం తెలుసుకోవాలి. విమానం తల మీదికి వస్తే ఇక్కడ అందరూ మాట్లాడటం ఆపేస్తారు. అది పోయాక, ఆగిన చోటి నుంచే, ఆగిన అక్షరం నుంచే మళ్లీ అందుకుంటారు. కోపంలో ఉన్నవారు కూడా ఈ నియమాన్ని పాటిస్తారు. అత్తాకోడళ్ల తగవు నెలరోజులు నడిచినా హద్దు దాటకపోవడానికి ఈ విరామాలే కారణమని నా అంచనా.

గంప వంటగది మూలన ఉంది. అందులో ఊక, ఊకలో మట్టిపెళ్ల, దాని మీద ఎర్రపెట్ట. గంప అంచున ఒక బొగ్గుముక్క, రెండు ఎండుమిరపకాయలు, వాటి పక్కన గుమ్మం నుంచే కనిపించేంత పెద్ద ఇనుపముక్క. ఉరుములకు గుడ్లు మురిగిపోకుండా పొదిగే గంపలో ఒక ఇనుప మేకో, విరిగిన కొడవలి ముక్కో పెట్టడం మన పల్లెల్లో పాత అలవాటే. కానీ ఇది నాగలి కర్రు.

“ఇంత పెద్దది ఎందుకమ్మా?” అని అడిగాను.

“వేరే ఊర్లల్ల ఉరుము వానకాలమే వస్తది సారు. మాకు దినమంత వస్తది. మేకుతోని ఏమైతది? గందుకే కర్రు ఊడబీకి పెట్టిన.” కర్రును గంప అంచున సరిగ్గా జరిపింది. “నాగలికి ఇగ పనేమున్నది.”

పందిరి కింద నాగలి వట్టి కొయ్యగా ఎందుకు కనిపించిందో అప్పుడు అర్థమైంది.

యాదమ్మ పెట్టను రెండు చేతులతో ఎత్తింది. నెల రోజులకు అది చాలా తేలికైపోయింది. తల మీది జుట్టు ఎరుపు తగ్గి పాలిపోయింది. అయినా విచారణాధికారి మణికట్టును పొడవడంలో అది ఎటువంటి అలసత్వం చూపలేదు. నేను పైన విడిగా ఉన్న గుడ్లలో ఒకదాన్ని తీసుకున్నాను. గోలీ కంటే పెద్దది, నిమ్మకాయ కంటే చిన్నది. గోటితో కొడితే గట్టిగా మోగింది. మన పాముల గుడ్ల పెంకు తోలులా మెత్తగా ఉంటుంది, వేలితో నొక్కితే సొట్టపడుతుంది. ఈ మాట బాలమ్మకు విన్నవించాను.

“గట్టి గుడ్లు పెట్టే పాము గావచ్చు,” అంది ఆమె.

మట్టిలో బొరియ, కుంట గట్టు, గుండ్రని గట్టి పెంకు. అవి మన కుంటల్లో ఉండే మెత్తని వీపు తాబేలు గుడ్లని నాకు స్పష్టమైంది. ఆ వెంటనే మరొక సంగతి కూడా స్పష్టమైంది. కోడి తన గుడ్లను రోజూ ముక్కుతో తిప్పుతుంది. తిప్పకపోతే లోపలి పిల్ల పెంకు పొరకు అంటుకుపోయి చస్తుంది. తాబేలు గుడ్డు దీనికి నేరుగా విరుద్ధం. పెట్టిన కొద్ది గంటలకే అందులోని పిండం పెంకు పైభాగానికి అంటుకుని పెరుగుతుంది. తొలి వారాల్లో దాన్ని తిప్పితే ఊపిరాడక పోతుంది. ఒక తల్లి ప్రాణం పెట్టి చేసే పని మరొక తల్లి బిడ్డకు ప్రాణాంతకం. పైగా కోడి పొట్ట వేడి తాబేలుకు ఎక్కువ. నెల రోజులుగా ఈ పెట్ట తిండి మానుకుని ఎంత శ్రద్ధగా పొదిగిందో, అంత శ్రద్ధగా హాని చేసింది.

నా సెల్‌ఫోన్ టార్చిని పెంకుకు ఆనించి చూశాను. లోపల రక్తనాళం లేదు. విడిగా ఉన్న మిగతా ఆరింటిలోనూ అంతే. యాదమ్మ నా ముఖమే చూస్తోంది.

“సారు, అన్నీ…”

విమానం వచ్చింది. రేకులు అదిరాయి. మేమందరం నియమం ప్రకారం ఆగాము. ఆమె చేతుల్లో పెట్ట మెడ చాచి గంప వైపు చూస్తోంది. ఆ అరనిమిషం కంటే పొడవైన మౌఖిక పరీక్ష నా ఉద్యోగ జీవితంలో లేదు.

“…పోయినయా?”

“పైన విడిగా ఉన్నవి పోయాయమ్మా. ఈ ఏడు గుడ్లూ బతికిలేవు.”

ఆమె తలూపింది. ఏడవలేదు. “కుంట కూడ పోయింది సారు. మా పొలం దగ్గర పుట్టిన ఆఖరు పంట గిదే అనుకున్న. పిట్టో పురుగో, ఏదన్న గానీ, కండ్ల ముంగట లేస్తె చాలనుకున్న.”

బాలమ్మ రోకలి వైపు చూడలేదు.

అప్పుడు నేను మట్టిపెళ్లను చూశాను. “ఇందులో కూడా గుడ్లున్నాయా?”

“ఉన్నయ్ సారు. మట్టి అతుక్కొని రాలే. పీకితె పలుగుతయని పెళ్లతోనే పెట్టిన. ఎండుకపోతదని దినాం కొంచెం నీళ్లు చల్లిన.”

నేను గంప ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను. పెళ్లలో కూరుకుపోయిన గుడ్లు ఐదు. వాటిని కోడి తిప్పలేదు, ఎందుకంటే తిప్పడానికి అందలేదు. అవి తల్లి తాబేలు పెట్టిన వైపే, పెట్టినట్టే, తడి మట్టిలో చల్లగా ఉన్నాయి. జేబులోని పెన్సిల్‌తో ఒకదాని పైవైపు చిన్న గీత పెట్టి, గీత పైకే ఉండేలా మెల్లగా మట్టి నుంచి విడదీసి, టార్చి ఆనించాను. పెంకు అంచున సన్నని ఎర్రని నాళాలు కనిపించాయి. మధ్యలో ఒక నల్లని నీడ. ఆ నీడ కదిలింది.

యాదమ్మ పెట్టను వెనక నిలబడి ఉన్న అంజయ్య చేతికిచ్చి టార్చి అందుకుంది. ఆమె చాలాసేపు చూసి, గుడ్డును తాకకుండానే టార్చిని అత్త చేతికి అందించింది. నెలరోజుల్లో వారిద్దరి మధ్య చేతులు మారిన మొదటి వస్తువు అదేనని అంజయ్య తర్వాత నా చెవిలో చెప్పాడు.

“గీ పక్కది చూడు,” అంది బాలమ్మ, టార్చిని మరో గుడ్డు మీదికి తిప్పి. “పలిగింది.”

అది పగలలేదు. లోపలి నుంచి విచ్చుతోంది.

ఇక చేయవలసింది వేచి ఉండటమే. యాదమ్మ టీ పెట్టింది. బాలమ్మ గుమ్మం వదిలి గంప పక్కకు చేరింది. అవి తాబేళ్లని నేను నివేదించగా ఆమె అంగీకరించలేదు, ఖండించనూ లేదు, వాయిదా వేసింది. ఆ వాయిదా సమయంలో నేను తాబేలు చుట్టరికాల తాజా పరిస్థితిని వివరించాను. మా పాఠ్యపుస్తకంలో తాబేలుకు చాలాకాలంగా ఒక విడి గది కేటాయించి ఉంది. మిగతా సరీసృపాల పుర్రెలో కణతల దగ్గర ఉండే కిటికీల్లాంటి రంధ్రాలు దానికి లేవు కాబట్టి, అది అందరికంటే ముందే వేరుపడిన బంధువని ఆ పుస్తకం తీర్మానించింది. ఈ మధ్య జంతువుల జన్యువులను పోల్చి చూసిన పరిశోధకులు మాత్రం, తాబేలు బల్లికంటే పాముకంటే మొసలికీ పక్షికీ దగ్గరి చుట్టమని చెబుతున్నారు. ఈ వార్త సిలబస్ కమిటీకి ఇంకా అందలేదు. అందే వరకు నేను తరగతి గదిలో పాతదీ, వరండాలో కొత్తదీ బోధిస్తున్నాను.

“అంటే గీ పెట్టకు, తాంబేలుకు వరుస కలుస్తదంటవ్,” అంది బాలమ్మ.

“చాలా దూరపు వరుస అమ్మా. కానీ పాముకంటే దగ్గర.”

“మేనత్తనా, చిన్నమ్మనా?”

“ఆ సంగతి ఇంకా తేలలేదు.”

“తేల్చాలె గద బిడ్డా. పేరంటానికి పిలవాలంటే వరుస తెల్వాలె.”

తాబేలు డిప్ప గురించి కూడా చెప్పాను. కోడికీ మేకకూ మనకూ భుజం దగ్గరి రెక్క ఎముక పక్కటెముకలకు బయట ఉంటుంది. తాబేలుకు మాత్రం లోపల ఉంటుంది. గుడ్డులో పెరిగేటప్పుడే దాని పక్కటెముకలు చుట్టూ వంగక, పక్కలకు చాచుకుని, రెక్క ఎముకను లోపలేసుకుని పైకప్పు అవుతాయి. పిండం తొలిరోజుల్లో కోడిపిల్లనూ తాబేలుపిల్లనూ పక్కపక్కన పెడితే తేడా చెప్పడం కష్టం. బాలమ్మ తన భుజం మీద చెయ్యి వేసి ఎముకను తడుముకుంది.

“బొక్కలతోనే ఇల్లు కట్టుకున్నది. మంచి పని చేసింది. ఇగ దాని జాగ ఎవలు గుంజుకుంటరు.”

విమానం వచ్చింది. పోయింది. ఈసారి ఎవరూ ఆగిన మాట అందుకోలేదు.

మధ్యాహ్నం రెండు గంటల ప్రాంతంలో పెంకు ముక్క ఒకటి ఊడిపడింది. మొదట సూదిలాంటి ముక్కు, తర్వాత ఒక కాలు, తర్వాత రూపాయి బిళ్ల కంటే కొంచెం పెద్దదైన శరీరం. దాని వీపు మీద పసుపు చుక్కలున్నాయి. సరిగ్గా అప్పుడే ఎర్రపెట్ట అంజయ్య చేతుల్లోంచి దూకి గంప అంచు ఎక్కింది.

“పొడుస్తది, పట్టు, పట్టు,” అంది బాలమ్మ. కొత్త వాసన వేసే పిల్లను కోడి పొడిచి చంపుతుందని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. అంజయ్య చెయ్యి చాచాడు. యాదమ్మ ఆ చేతిని ఆపింది. ఎందుకు ఆపిందో తర్వాత అడిగితే తనకూ తెలియదంది.

పెట్ట ఒక కంటితో చూసింది. తల తిప్పి రెండో కంటితో చూసింది. మూతికి ఒక పసుపు చుక్క అంటిన ఆ చదునైన జీవిని, నెల రోజుల సేవకు ప్రతిఫలంగా వచ్చినదాన్ని, ఏ తరగతిలో చేర్చాలో అది ఎంతోసేపు ఆలోచించలేదు. గొంతులో మెల్లగా కుక్ కుక్ అంది. గంప పక్కన పడిన నూక గింజను ముక్కుతో తీసి, దాని ముందు వదిలింది. తాబేలుపిల్ల తల లోపలికి లాక్కుంది. పెట్ట ఆ గింజను మళ్లీ తీసి మళ్లీ వదిలింది.

“సిగ్గుపడుతున్నది,” అంది యాదమ్మ.

“కొత్త గద,” అంది బాలమ్మ. తర్వాత నా వైపు తిరిగి, పూర్తి గాంభీర్యంతో, “పాము కాదు. నేను ముందు నుంచీ గదే అంటున్న,” అని రికార్డు సరిచేసింది. రోకలిని తనే లోపలికి తీసుకుపోయింది.

సాయంత్రం నేను బయలుదేరేసరికి మరొకటి పుట్టింది. చట్టప్రకారం వీటిని ఇంట్లో ఉంచుకోకూడదని చెప్పి, సోమవారం ఉదయమే అటవీ శాఖవారికి ఫోన్ చేశాను. వారు పిల్లలన్నీ బయటికి వచ్చాక తమ మనిషి సమక్షంలో చెరువులో వదలమన్నారు. ఐదింటిలో నాలుగు లేచాయి. గురువారం యాదమ్మ వాటిని తడి గుడ్డ పరిచిన తట్టలో, కుంట గట్టు మట్టి పిడికెడు వేసి, జహంగీర్ భాయ్ ఆటోలో జల్‌పల్లి చెరువుకు తీసుకెళ్లింది. ఆయన కిరాయి తీసుకోలేదట. విమానం గుడ్లు కావని తేలినందుకు ఒప్పుకున్న జరిమానా అన్నాడట.

ఈ ప్రయాణం నుంచి తిరిగి వచ్చాక నాకు పాఠ్యపుస్తకం మీద కోపం కొంత తగ్గింది. ఏ జీవి ఎవరికి చుట్టమో పుర్రె కిటికీలతోనో, జన్యువుల వరుసతోనో తేల్చడం అవసరమే; ఆ పని జరుగుతూనే ఉంటుంది, మళ్లీ మళ్లీ మారుతూనే ఉంటుంది. కానీ ఆ మూల గంపలో వరుస తేలేవరకు ఎవరూ ఆగలేదు. కుంట పోయిన మనిషి గుడ్లను ఎత్తుకొచ్చింది, పొలం పోయిన నాగలి తన ఇనుమిచ్చింది, గుడ్లు ఎవరివో తెలియని పెట్ట తిండి మానుకుంది. శుక్రవారం అంజయ్య ప్రయోగశాలలో సీసాలు తుడుస్తూ చివరి సమాచారం అందించాడు. పిల్లలు పోయాక పెట్ట ఖాళీ గంపలోకి తిరిగి వెళ్లింది. అందులో మిగిలింది కర్రు ఒక్కటే. రాత్రంతా దాని మీద కూర్చుంది.

కనుక ఈ దారిన వెళ్లేవారికి ఒకే సూచన. మట్టిలో దొరికిన గుడ్డును ఎత్తవలసి వస్తే పైవైపు పెన్సిల్‌తో గుర్తు పెట్టాలన్నది మీరు ఈసరికి గ్రహించే ఉంటారు. నేను చెప్పదలచినది అది కాదు. శంషాబాద్‌లో బస్సు దిగాక, మిర్చి బండికి కొంచెం అవతల, అట్టపెట్టెల్లో కోడిపిల్లలు అమ్ముతారు. వెళ్లేటప్పుడే నాలుగు తీసుకోండి. పొద్దుగూకినాక, చప్పుడు చేయకుండా, ఒక్కొక్కటిగా పెట్ట కిందికి జరపాలని బాలమ్మ చెప్పింది. నేను ఆ మరుసటి ఆదివారం తీసుకెళ్లాను. కర్రు ఇంకా గంపలోనే ఉంది.